వెల్తి టాక్సు

...అయినా తు కీ తి కీ ఎంత తేడా ఉందని, నా చెవిన పడింది అట్టనే పడింది, మేనేజరు కామాక్షయ్య గారు దవడన వక్క పెట్టుకొని మాట్లాడితే ఎవరికైనా అట్టనే వినపడుద్ది, వెల్తి టాక్సమ్మా, నయాపైసలు వచ్చిన ఈ ఏడాదే ఢిల్లీవాళ్ళు వేసినారు, అది గాని ఉంటే మన షెడ్డు మూతే అన్నాడు, నాకు ఇంకేమీ వినపడలా, వెల్తి, ఆ మాటంటే మా మైకా షెడ్డులో ఆడదానికి హడలు, పొద్దస్తమానం కూర్చొని మైకా పలకల్ని కత్తితో పొరలు పొరలుగా చీల్చి బుట్ట ఎత్తుకపోతే తక్కెడ కాడ గుమాస్తా వెల్తి అని కేక పెడతాడు, పెట్టినాడంటే తూకం నిండేదాకా ఇంటికి పొయ్యేది లేదు, పాలిచ్చే తల్లయినా సరే, ఇప్పుడు ఆ వెల్తి మీద పన్ను కూడానా అని ఒళ్ళు మండిపొయ్యింది, శనివారం నాడు నలభై మందినీ పిలిచి నేనే చెప్పినా, మిషన్ బళ్ళో చదివినదాన్ని నేనొక్కదాన్నే గదా, మనలాంటోళ్ళ మీద వేసినారంటనే, తియ్యమని కలెక్టరుకి అర్జీ, వెయ్యండే వేలిముద్రలు అన్నా, పెంచలమ్మక్క రెండు బొటనవేళ్ళూ సిరాలో ముంచింది, ఒకటి చాలక్కా అంటే ఉండనీవే, మన కోపం వాళ్ళకి తెలియొద్దా అనింది, అందరం పడీపడీ నవ్వినాం, ఛీ, ఎట్టా నవ్వినామో, కామాక్షయ్య గారు రాయించి ఇచ్చిన ఆ అర్జీ ఇంగ్లీషులో ఉండింది, నాకు ఇంగ్లీషు రాదు, రాదని నలుగురిలో ఒప్పుకునేదానికి నామోషీ, కాగితం మీద వేలు పెట్టి పైనుంచి కిందికి చదివినట్టే నటించినా.

గొప్ప చూసుకో, నిన్న ఆరాధన అయినాక హెబ్రోను మందిరం పాస్టరు గారి చేతిలో పెట్టి మీరు కూడా ఒక మాట రాయండయ్యా అన్నా, ఆయన చదివి కళ్ళజోడు తీసి, వెల్తి అని ఎవరు చెప్పినారమ్మా రెబెక్కా అన్నాడు, వెల్త్, అంటే కలిమి, ఐశ్వర్యం, లక్షలున్నోళ్ళ దగ్గర ఏడాదికింత అని తీసుకుంటారు, నీ దగ్గర ఏముందని పన్ను, అని నవ్వబొయ్యి నా మొహం చూసి ఊరుకున్నాడు, మరి షెడ్డు మూస్తామంటా ఉండారు గదయ్యా అంటే, ఏమోనమ్మా, కొందరు నిజంగానే మూస్తారు, కొందరు మూస్తామని అంటారు, బయటోళ్ళకి తెలిసేది ఎట్టా అన్నాడు, అంత చదువుకున్నాయనకే తెలియకపోతే నాకెట్టా తెలుసుద్ది ప్రభువా.

షెడ్డుకి పొయ్యే దారంతా ఈ తూర్పుగాలి ఒకటి, సముద్రం మీద నుంచి ఉప్పంతా మోసుకొచ్చి మొహాన కొడతా ఉంది, రవికెలో కాగితం చెమటకి తడుస్తా ఉంది, తడిసి సిరా అలుక్కుపోతే బాగుండు, నా సంతకం ఒక్కటే బాకీ, అందరి ముద్రల కింద గుండ్రంగా రాద్దామని ఉంచుకున్నా, చించేస్తే, చించి కాలవలో పారేస్తే, అప్పుడు ఓనరు మూసేస్తే, పోయినేడు పన్ను మాటే లేదు, అప్పుడూ ఆరువారాలు మూసినాడు గదా, మైకా ఎత్తుకపొయ్యే ఓడలు రాలేదన్నాడు, ఆ ఆరువారాలు గంజినీళ్ళు తాగినాం, అంటే మూసేవాడికి ఏదో ఒక సాకు, అయితే కొత్త షెడ్డు సంగతో, పునాదులు తీయించినాడు, మా కూతురు ఎలిశబెతుకి అందులో పని ఇస్తానని కామాక్షయ్య గారు నోరారా అన్నాడు, ఇప్పుడు ఆ పునాదుల్లో పల్లేరు మొలిచింది, అది పన్ను వల్లేనేమో, నిజంగా చేతిలో డబ్బు లేకనేనేమో, ఓనరుకి లేకపోవడమేంది, మొన్ననే గదా కొత్త కారు దిగింది, అయ్యో నాకేం తెలుసు, నాకు తెలిసిందల్లా మా ఆయన దగ్గు, గనిలో దుమ్ము మింగీ మింగీ ఇప్పుడు మంచం మీద కూర్చొని ఊపిరి కోసం ఎగపీలుస్తాడు, పొద్దున నేను బయల్దేరతా ఉంటే పనుందా ఈ రోజు అని అడిగినాడు, ఉంది అన్నా, రేపో అన్నాడు, చెంబుడు నీళ్ళు మంచం పక్కన పెట్టి బయటపడినా.

గేటు కాడ పెంచలమ్మక్క, బొటనవేళ్ళకి ఇంకా నల్లగానే ఉంది, ఇచ్చేసినావా అంటది, లేదక్కా, తప్పు చెప్పినా, పాపం మూటగట్టుకున్నా, ఆ పన్ను మన మీద కాదంట, ఓనరు మీదంట, ఉన్నోళ్ళ మీదంట, మీ ముద్రలు చెరిపేయమంటే చెరిపేస్తా, అన్నా, ఏడుపొచ్చేసింది, తిడుతుంది అనుకున్నా, తిట్టినా బాగుండు, అక్కేమో, ఆయన మీద వేస్తే మూసేది ఏ షెడ్డే అనింది, మనదే అన్నా, అయితే ఉండనీలే నా వేళ్ళు, అని బుట్ట చంకన పెట్టుకొని లోపలికి పొయ్యింది.

కూత వేసినారు, అందరూ పోతా ఉండారు, ఆదిశేషమ్మ, వెనక ఇంకో పదిమంది, అందరికీ చెప్తా, చెప్పక తప్పదు, చెప్పినా ఒక్కరూ వేలు వెనక్కి తీసుకోరు, ఇదో కామాక్షయ్య గారు బల్ల మీద కలం పెడతా ఉండాడు, రామ్మా రెబెక్కమ్మా నీదే తక్కువ అంటా ఉండాడు, నాకు ఇంగ్లీషు వచ్చి ఉన్నా, ఆ మాట సరిగ్గా విని ఉన్నా, శనివారం నాడు నేను ఇదే పని చేసి ఉందును, తెలియక చేసినా అని ఏడ్చేదానికి కూడా లేదు, తెలిసే రాస్తా ఉండా, ఆయన ఐశ్వర్యం రవ్వంత కూడా తగ్గనీయొద్దని సర్కారుకి దణ్ణం పెట్టుకునేది ఆయన కాదు, నేను.