రాణిగారి ఎడమ భుజం

నాటక మందిరం వెనకాల, దుస్తుల గదికీ రంగుల గదికీ మధ్య ఇరుక్కున్న పొడుగాటి గది రేకులక్కది. రేకు కోసి, వంచి, కొట్టి కవచాలు చేయడం ఆవిడ పని. ఆ పేరు ఎవరు పెట్టారో తెలియదు గానీ, అసలు పేరు పెట్టి పిలిస్తే ఆవిడే తిరిగి చూసేది కాదు. మహారాజులకీ, సేనాపతులకీ, చావడానికే వేదిక ఎక్కే భటులకీ అందరికీ ఆవిడ చేతి కవచాలే. ఆవిడ కవచంలో చచ్చినవాడు తెర పడగానే లేచి, దులుపుకుని, ఇంటికి నడిచి వెళ్ళేవాడు. ఒంటి మీద గీత కూడా ఉండేది కాదు. తన పనికి అంతకు మించిన పొగడ్త అక్కర్లేదని ఆవిడ అనుకునేది.

ఒక ఉదయం దర్శకుడు ఒక బొమ్మ పట్టుకొచ్చి బల్ల మీద పరిచాడు. కొత్త నాటకంలో కోటను కాపాడే రాణి ఉంది. బొమ్మలో ఆ రాణికి ఛాతీ మీద మెరిసే డిప్పలు రెండున్నాయి. పొట్ట మీద ఏమీ లేదు. తొడల మీద అంతకన్నా ఏమీ లేదు.

"ఈవిడ వెళ్ళేది యుద్ధానికేనా?" అంది రేకులక్క.

"అందంగా ఉండాలక్కా. చివరి వరసలో కూర్చున్నవాడికి కూడా రాణి అని తెలియాలి."

"పొట్టంతా శత్రువుకి రాసిచ్చేసి, పైన రెండు గిన్నెలు బోర్లించుకుంటే రాణి అయిపోతుందా? అంట్లు తోమడానికి బయల్దేరిందనుకుంటారు."

దర్శకుడు నవ్వాడు. కోపం తెచ్చుకునే మనిషి కాదతను. రేకులక్క మాత్రం నవ్వలేదు. మేకులు పోసుకునే ఇనప గిన్నెలు రెండు ఖాళీ చేసి, పక్కపక్కన బోర్లించి, పైనుంచి ఒక బోల్టు వదిలింది. అది గిన్నెకు తగిలి, జారి, రెండింటి మధ్యన ఆగింది. రెండోవైపు నుంచి వదిలినా అంతే.

"బల్లెమైనా ఇంతే. ఎక్కడ తగిలినా మధ్యలోకే దారి. మధ్యలో ఏముంది? గుండె. రావయ్యా రా, ఇక్కడే పొడవమని పిలిచినట్టు."

"మన బల్లేలు చెక్కవే కదక్కా."

"పడడం నిజమే కదా? గోడ మీంచి దూకి బోర్లా పడాలన్నావు. రెండు డిప్పల మధ్య బయట లోయ ఉంటే, లోపలివైపు గట్టు ఉంటుంది. ఆ గట్టు ఎక్కడ గుచ్చుకుంటుందో నీ రాణినే అడుగు."

అడగనక్కర్లేదని అతనికీ తెలుసు. అద్దె దుకాణం నుంచి తెచ్చిన అలాంటి కవచమే రాణి వేషం వేసే అమ్మాయికి తొడిగి ఒకసారి దూకించి చూశారు. మర్నాటికి ఆ అమ్మాయి ఛాతీ ఎముక మీద బొటనవేలంత మేర నల్లగా కమిలింది.

ఆ అమ్మాయి రేకులక్క చెల్లెలి కూతురు. ఇన్నేళ్ళూ ఆ వేదిక మీద కత్తి పట్టిన ఆడవేషాలన్నీ చెల్లెలివే. కిందటేడు జబ్బుచేసి పోయింది. ఆ సంగతి ఎవరైనా ఎత్తితే రేకులక్క "అవును" అనేది, అంతే. కూతురికి ఇది మొదటి పెద్ద వేషం.

"సరే, గిన్నెలొద్దు," అన్నాడు దర్శకుడు. "అలాగని పీపా కూడా వద్దు. శుక్రవారం తెర లేస్తుంది. దానికి ముందు సోమవారం చూస్తాను. నా కంటికి ఆనకపోతే అద్దెదే వేయిస్తాను. అప్పుడు నువ్వు అలగకూడదు."

"ఆనకపోతే కదా, అలగడానికి!" అంది రేకులక్క, గిన్నెల్లోకి మేకులు మళ్ళీ పోసుకుంటూ.

గది మూల ఒక కర్ర మీద దూది కూరిన గుడ్డ బొమ్మ నిలబడి ఉండేది. తల లేదు, చేతులు లేవు. చెల్లెలికి తొలి వేషం వచ్చినప్పుడు ఆమె కొలతలకి కుట్టింది. ఆడవాళ్ళ కవచం ఏది చేసినా దాని మీదే. కూతురు తల్లిని పోతపోసినట్టు ఉంటుంది కాబట్టి, వేరే కొలతల ఆలోచన రేకులక్కకు రాలేదు.

ముందు దూది పెట్టి కుట్టిన లోచొక్కా. దాని మీద పల్చటి అల్యూమినియం రేకు. ఇసుక సంచి మీద పెట్టి, చెక్క సుత్తితో లోపలి నుంచి కొడితే, ఛాతీ అంతా ఒకే ఉబ్బుగా, పడవ కింది భాగంలా తేలింది. దాని మీద దెబ్బ పడితే పక్కకి జారిపోవాల్సిందే. నడుం సన్నబడే చోట కవచం ఆపి, అక్కడి నుంచి చేప పొలుసుల్లా రేకుల వరసలు దింపింది. కూర్చుంటే విచ్చుకుంటాయి, నిలబడితే మూసుకుంటాయి. అందం కోసం విడిగా ఏమీ అతికించలేదు. అంచులు ఒరుసుకోకుండా గుండ్రంగా మడిచింది. ఆ మడత మీదే దీపం వెలుగు గీత గీసినట్టు నిలిచింది. ఎడమ భుజం మీద మాత్రం పెద్ద రేకు పెట్టి, పై అంచు మెడ పక్కన గోడలా నిలబెట్టింది. శత్రువుకు ఎదురుగా ఉండే భుజం అదే. కుడి భుజం మీద చిన్న చిన్న పొలుసులు చాలు. కత్తి ఎత్తే చెయ్యి తేలిగ్గా ఆడాలి.

పట్టీలు మరిది కోశాడు. చెల్లెలి భర్త. ఆ గదిలోనే కిటికీ పక్కన అతని తోలు పని. మాటలు ముందు నుంచీ తక్కువే. కిందటేడు నుంచి ఉన్నవీ ఇంకిపోయాయి.

సోమవారం వచ్చింది. దర్శకుడికి చూడడంలో ఒక పద్ధతి ఉంది. చివరి వరసలో కూర్చుని కళ్ళజోడు తీసేస్తాడు. అప్పుడు మొహాలూ నగిషీలూ అన్నీ కలిసిపోయి ఉత్త ఆకారమే మిగులుతుంది. ఆ ఆకారం ఎవరిదో చెప్పగలిగితే వేషం కుదిరినట్టు.

అమ్మాయి కవచం తొడుక్కుని కోటగోడ మీద నిలబడింది. దర్శకుడు కళ్ళజోడు తీశాడు.

"ఎవరు కనబడుతున్నారు?" అని అరిచింది రేకులక్క.

"మీ చెల్లెలు," అన్నాడతను మెల్లిగా. "అచ్చం ఆవిడే. అద్దెది వెనక్కి పంపించేస్తున్నానక్కా."

వేదిక పక్కన నిలబడ్డ మరిది పట్టీల కట్ట కింద పెట్టి, మళ్ళీ తీసి, మళ్ళీ పెట్టాడు.

అప్పుడు పోరు మొదలైంది. అమ్మాయి దూకింది, బోర్లా పడింది, దొర్లింది, లేచింది. అంతవరకూ ఎక్కడా గుచ్చుకోలేదు. లేస్తూనే కత్తి ఎత్తింది. ఠంగుమంది. ఎడమ భుజం మీది రేకు లేచి చెవి కింద కొట్టింది. చెయ్యి భుజం దాటి పైకి పోలేదు. అమ్మాయి తడబడి, కత్తిని కుడిచేతిలోకి మార్చుకుని రెండు వేట్లు వేసింది. అవి కూర తరుగుతున్నట్టు పడ్డాయి.

రేకులక్కకు అప్పుడు గుర్తొచ్చింది. ఈ పిల్లది పుర్రచెయ్యి. పసితనంలో మామూలు కత్తెరతో కాగితం తెగక ఏడుస్తుంటే, ఎడమచేతికి సరిపడే కత్తెర చేసిచ్చింది తనే. కత్తిసాము వేరే హాల్లో నేర్చుకుంటుంటే, పని వదిలి ఒక్కనాడూ వెళ్ళి చూడలేదు. బుద్ధికి తెలిసిన సంగతే, చేతులకి చెప్పలేదు. చేతులు మూలనున్న బొమ్మనే నమ్ముకున్నాయి.

"ఏం పర్లేదు పెద్దమ్మా," అంది అమ్మాయి చెవి రుద్దుకుంటూ. "కుడిచేత్తో నేర్చుకుంటాలే."

"శుక్రవారానికా?"

"అమ్మ కుడిచేత్తోనే కదా చేసేది."

దర్శకుడు ముందుకొచ్చాడు. "పోరు కొంచెం తగ్గిద్దాం. ఆకారం మాత్రం వదులుకోలేనక్కా. ఇప్పుడిది చెడగొట్టి శుక్రవారానికి ఏదీ లేదంటే, ఇక ఆ గిన్నెలే గతి."

"చెడగొట్టేది నేనే, చేసేదీ నేనే," అంది రేకులక్క. "బుధవారం కళ్ళజోడు తీసి కూర్చో."

గదిలోకి వచ్చాక మరిది తలుపు దగ్గరే ఆగిపోయాడు. కవచం బల్ల మీద ఉంది. రేకులక్క పట్టకారు తీసుకుని ఎడమ భుజం మేకు పట్టుకుంది.

"వదినా, అలా ఉంచేయ్."

ఏడాదిలో అతను ఇది కావాలని అడగడం అదే మొదటిసారి. రేకులక్క పట్టకారు వదల్లేదు, బిగించనూ లేదు.

"గోడ మీద నిలబడింది చూడు... ఒక్క నిమిషం..." అని ఆగిపోయాడు.

"నాకూ కనబడింది," అంది రేకులక్క. "కనబడలేదని అబద్ధమెందుకు ఆడతాను? కానీ చూడవయ్యా, అది మీ ఆవిడ కవచం. తొడుక్కునేది మీ అమ్మాయి. దెబ్బ తగిలింది ఎవరికి?"

అతను కూతురి వైపు చూశాడు. చెవి కింద ఎర్రగా కందింది. అమ్మాయి వెంటనే జుట్టు ముందుకు లాక్కుంది.

"దాచకే," అన్నాడు. తర్వాత వచ్చి, రేకు కదలకుండా రెండు చేతులతో పట్టుకున్నాడు. రేకులక్క మేకు పీకింది.

ఈసారి గుడ్డ బొమ్మ దగ్గరికి ఎవరూ పోలేదు. అమ్మాయిని గది మధ్యలో నిలబెట్టి, ఒంటికి అట్టముక్కలు చుట్టి, సుద్దతో గీతలు గీశారు.

"కత్తి ఎత్తు. ఎత్తి ఉంచు. ఇప్పుడు ఊపిరి పీల్చు."

"పీల్చాను."

"పీల్చినట్టు లేదే. పొట్ట లోపలికి లాగితే ఎవరు మెచ్చుకుంటారే ఇక్కడ? కోట కూలిపోయేంత మాట చెప్పాలి నువ్వు. నిండుగా పీల్చు."

అమ్మాయి పీల్చింది. పక్కన అట్ట చీలింది. "అదీ! అక్కడ పట్టీకి ఇంకో వేలెడు కావాలి, రాసుకో," అంది మరిదితో.

"రాసుకోను. గుర్తుంటుంది," అన్నాడతను. "కూర్చోవే ఒకసారి. మోకాలి మీద కూర్చో. ఆఁ, ఇక్కడ పట్టేస్తోంది వదినా. నాకొక సుద్ద ఇవ్వు."

నడకలో కూడా తేడా ఉంది. తల్లి భుజాలు ముందు పెట్టి నడిచేది. ఈ పిల్ల నడుం నుంచి నడుస్తుంది. అది చూసి రేకులక్క పొలుసుల వరస ఒకటి తీసేసింది. కొత్త భుజపు రేకు కుడివైపుకి కొట్టింది. పాతదానికన్నా తక్కువ ఎత్తు, వెనక్కి వాలిన అంచు. ఎడమవైపు చిన్న పొలుసులు వేసింది. ఆకారం ఒకవైపుకి ఒరిగినట్టు అనిపించింది. సరిచేద్దామని చెయ్యి పోయింది గానీ ఆపుకుంది. ఈ అమ్మాయి కత్తి ఎత్తేటప్పుడు నిలబడేది అలాగే.

బుధవారం దర్శకుడు చివరి వరసలో కూర్చుని, కళ్ళజోడు తీసి ఒళ్ళో పెట్టుకున్నాడు.

అమ్మాయి గోడ మీదికొచ్చింది. దూకింది, పడింది, దొర్లింది. లేస్తూ ఎడమచేత్తో కత్తి ఎత్తింది. పొలుసులు గలగలమని సర్దుకున్నాయి. చెయ్యి నిటారుగా తల మీదికి పోయింది. ఎదురుగా ఉన్న భటుడు నిజంగానే ఒక అడుగు వెనక్కి వేశాడు. ఆమె ఆయాసపడలేదు. కోట గురించిన ఆ పొడుగాటి మాట మొదటి నుంచి చివరిదాకా చెప్పింది. మధ్యలో ఊపిరి తీసుకున్నప్పుడు కవచం కూడా ఆమెతో పాటే ఉబ్బినట్టు కనిపించింది.

"ఎవరు కనబడుతున్నారు?" అని అరిచింది రేకులక్క.

దర్శకుడు ముందుకు వంగాడు. కళ్ళు చికిలించాడు.

"ఎవరో తెలీదక్కా. ఈవిడని నేనెప్పుడూ చూడలేదు."

వేదిక మీద అమ్మాయి మొహం వాడింది. అతని మాట ఇంకా అయిపోలేదు.

"కోట మాత్రం ఈవిడదే."

అమ్మాయి కత్తిని గాలిలోకి విసిరి ఎడమచేత్తో పట్టుకుంది. "తిన్నగా ఉండవే, నా అంచులు నొక్కుకుపోతాయి!" అని కసిరింది రేకులక్క. గొంతులో కసురు ఎక్కువసేపు నిలవలేదు.

గదికి తిరిగొచ్చాక, బల్ల కింద పడి ఉన్న పాత ఎడమ భుజపు రేకును మరిది తీశాడు. తుడిచాడు. దాన్ని ఏం చేస్తాడో అని రేకులక్క చూస్తూ ఉంది. అతను మూలనున్న గుడ్డ బొమ్మ దగ్గరికి పోయి, ఎడమ భుజం మీద దాన్ని పెట్టి, పట్టీ చుట్టాడు.

"వదినా, ఏ కన్నానికి?"

"పాతదానికే," అంది రేకులక్క. "ఆవిడ కొలతలు ఇక మారవుగా."

అతను తల ఊపి, బిగించాడు.