మొదటి చుట్లు

చేతుల కట్లు ఇంకా విప్పకముందే యోనాకు సస్పెన్షన్ ఉత్తర్వు వచ్చింది.

అతను సోంపేట వైపు ఓ సబ్‌స్టేషన్‌లో ఆపరేటర్. జీడిపిక్కలు ఏరే రోజుల్లో ఓ సాయంత్రం ఉరుములతో గాలివాన కొట్టి లైను పోయింది. వాన తగ్గాక ఫోన్లో పైవాళ్లను అడిగి, కరెంటు మళ్లీ ఇచ్చే బ్రేకర్ వేశాడు. కాసేపటికే పెద్ద ట్రాన్స్‌ఫార్మర్ పేలింది. మరిగే నూనె అతని మోచేతుల దాకా చిమ్మింది. ఆపరేటర్ తొందరపాటు వల్లే జరిగిందని పైవాళ్లు రాసేశారు.

"అడిగే ఏసినాను గదమ్మా, నానేటి తప్పు సేసినాను?" అన్నాడు యోనా, అన్న కూతురు సుహాసినితో.

సుహాసినికి ఒళ్లు మండిపోయింది. ఆమె టెక్కలి దగ్గర ఇంజనీరింగ్ కాలేజీలో ఎంటెక్ చేస్తోంది. పిడుగులాంటి పోటు రెప్పపాటు కన్నా తక్కువ కాలంలో వచ్చిపడితే ట్రాన్స్‌ఫార్మర్ లోపల ఏమవుతుందో కంప్యూటర్‌లో నమూనా కట్టి చూడటమే ఆమె పని. ఈ ప్రమాదం మీద విచారణకు పైవాళ్లు సలహాదారుగా పెట్టుకున్నది ఆమె గైడు బంగారయ్యగారినే.

"మామూలు నమూనా చాలు," అన్నారాయన. "బ్రేకర్ వెయ్యగానే కరెంటు ఎంత ఎగిసిందో చూపించు."

"అందులో ట్రాన్స్‌ఫార్మర్ లోపలి తీగచుట్ట అంతటినీ ఒకే ముద్దగా లెక్కేస్తాం సార్. పిడుగు పోటు అలా సమంగా పంచుకోదు. లైను వైపున్న మొదటి చుట్లే దాదాపు అంతా మోస్తాయి. చుట్టుకీ చుట్టుకీ మధ్య ఏం జరుగుతుందో చూడకపోతే పిడుగు ఎలా కనపడుతుంది?"

"పిడుగుని నేలలోకి దించడానికి అరెస్టర్లున్నాయి కదా?"

"అవి పనిచేశాయో లేదో ఎవరైనా చూశారా?"

బంగారయ్యగారి మొహం మాడిపోయింది. "ఆ ఆపరేటర్ మీ చిన్నాన్న అని నాకు తెలుసు. ఈ గొడవలో తల దూర్చకు."

మర్నాడే సుహాసిని సబ్‌స్టేషన్‌కు పోయింది. ఉప్పుగాలికి కంచె, బోల్టులు, చివరికి గేటు కూడా తుప్పు పట్టిపోయాయి. అరెస్టర్ల కింద నేలలోకి దిగే ఎర్తు పట్టీ మాత్రం కొత్త గిన్నెలా తళతళలాడుతోంది.

"ఇది ఎప్పుడేశారు?" అని అక్కడున్న ఆపరేటర్ ఢిల్లీబాబును అడిగింది.

అతను అటూ ఇటూ చూశాడు. "ట్రాన్స్‌ఫార్మర్ పోనాక. పాతది తెగిపోయి ఏలాడేది. మీ సిన్నాన్న ఎన్నిసార్లు సెప్పినా ఎవుడూ ఇనుకోలేదు. నా పేరు సెప్పకమ్మా."

తిరుగు బస్సులో సుహాసిని పిడికిళ్లు బిగించుకునే కూర్చుంది. తెగిన పట్టీని మార్చడానికి తీరిక లేనివాళ్లకు, మనిషి చేతులు కాలాక తీరిక దొరికింది!

తీగచుట్టను చిన్న చిన్న భాగాలుగా విడదీసి నమూనాను మళ్లీ కట్టింది. బ్రేకర్ పోటు పెట్టి చూసింది, అరెస్టర్ లేకుండా పిడుగు పోటూ పెట్టి చూసింది. రెండింటికీ పోలికే లేదు.

విచారణ రోజున యోనాను నిలబెట్టే ప్రశ్నలు వేశారు. సుహాసిని లేచింది.

"ఆ ట్రాన్స్‌ఫార్మర్ విప్పి చూడండి. బ్రేకర్ వల్లే పోయుంటే చుట్టలన్నీ కదిలి వంగిపోతాయి. పిడుగు వల్లయితే మొదటి చుట్లే కాలతాయి, కిందంతా బాగుంటుంది. ఆ దెబ్బ తిన్నదానికి మళ్లీ కరెంటు ఇస్తే ఎవరిచ్చినా పేలేదే."

"కంప్యూటర్ బొమ్మలు చూసి ట్యాంకులు విప్పాలా?" అని విచారణాధికారి నవ్వాడు.

వెనక నుంచి యోనా భార్య కరుణమ్మ గొంతు లేచింది. "ఇప్పడానికి బయ్యమేటి బాబూ? మా ఆయన్ని బయటికి తోసీడానికి నేని బయ్యం దీనికెందుకు?"

విచారణాధికారి నవ్వు ఆపి, విప్పడానికి ఒప్పుకున్నాడు.

రిపేరు షెడ్డులో క్రేను మూత లేపుతుంటే సుహాసిని ముందుకు జరిగింది. చుట్టలు వంగిపోయి ఉంటే ఆ మాటా తనే చెప్పాలి. ఆమె వంగి చూసింది. పైన మొదటి చుట్లు మసిబొగ్గయ్యాయి. కింద చుట్లు వంగలేదు, వాటికి చుట్టిన కాగితం కూడా చెక్కు చెదరలేదు.

యోనాను ఉద్యోగంలోకి తీసుకున్నారు. నివేదికలో మాత్రం పిడుగుపాటు అని, ప్రకృతి వైపరీత్యమని ఉంది. తెగిన పట్టీ ఊసే లేదు.

"మీ చిన్నాన్న గట్టెక్కాడు కదా, ఇంకేం కావాలి?" అన్నారు బంగారయ్యగారు.

"నిజం కావాలి. పట్టీ సంగతి రాయకపోతే నా నమూనా అందులోంచి తీసెయ్యండి."

తీసేశారు. ఆమె గైడును మార్చుకుంది. చదువు ఓ ఏడాది వెనకపడింది.

యోనా పనిలో చేరిన రోజు పైవాళ్లలో ఓ అధికారి జీపులో వచ్చి మిఠాయి పెట్టె చాపాడు. యోనా వంకరపోయిన వేళ్లను చాపలేదు.

"నా సేతులు కాల్సింది పిడుగు కాదు బాబూ," అని లోపలికెళ్లి తన కుర్చీలో కూర్చున్నాడు.

తోడొచ్చిన సుహాసిని ఆ అధికారి కళ్లలోకే చూస్తూ నిలబడింది. ఆయనే ముందు తల తిప్పుకుని జీపెక్కాడు.