ఓబయ్య ఎడమ పిక్క

జీవితంలోంచి ‘వి’ తీసేస్తే జీతం మిగులుతుంది. అబిగయీలు విషయంలో ఆ పోయిన ‘వి’ విశ్రాంతి. పొద్దున నెల్లూరులో ఫిజియోథెరపీ పీజీ క్లాసులు, మధ్యాహ్నం నుంచి విడవలూరు అవతలి పల్లెల్లో ఇళ్ళకు తిరిగి రోగుల కాళ్ళూ చేతులూ వంచి చాపించే పార్ట్‌టైం ఉద్యోగం. ఆ టైముకు పార్టులు చాలానే ఉన్నాయి గానీ, అన్నం తినే పార్టు మాత్రం ఎవరూ బిగించలేదు. ఇంట్లో ముద్దుగా ‘అబీ’ అంటారు. పేరులో అభయం పూర్తిగా లేకపోయినా పిల్లకు భయమైతే లేదు. ఆ బుధవారం దాకా.

ఆ బుధవారం, సముద్రం ఒడ్డు పాలెంలో తారు రోడ్డు చివర స్కూటీ ఆపి, ఇసకలో నడిచి ఓబయ్య ఇంటి ముందుకు రాగానే ఆముదం వాసన ఎదురొచ్చింది. ఒడ్డుకు లాగుతుంటే పడవ మీదికొరిగి ఓబయ్య ఎడమ తొడ ఎముక విరిగింది. ఆపరేషన్ చేసి, లోపల కడ్డీ వేసి ఇంటికి పంపారు. అప్పట్నుంచి మంచమే ఆయన పడవ. కాకపోతే ఈ పడవ తను కదలదు, ఆయన్నీ కదలనివ్వదు. భార్య అంకాలమ్మ మంచం పక్కన చతికిలబడి, ఆయన ఎడమ పిక్కను రొట్టెల పిండిలా పిసుకుతోంది.

“రా పాపా! నువ్వు చెప్పినట్టే రెండు పూటలా రుద్దతా ఉండా. ఆముదం ఎచ్చజేసి మరీ!”

నేనెప్పుడు చెప్పినానని అడగబోయి ఆగింది అబీ. చెప్పింది. మొన్న వచ్చినప్పుడు ‘పిక్క లాగతా ఉందమ్మే’ అన్నాడు ఓబయ్య. మర్నాటి సెమినారు తలలో గిర్రున తిరుగుతుంటే, గడప దగ్గర చెప్పులు తొడుక్కుంటూ, పిక్క వైపు చూడకుండానే ‘తిమ్మిరిలే మామా, కాస్త రుద్దించుకో’ అనేసి వెళ్ళిపోయింది.

ఇప్పుడు చూసింది. కుడి పిక్క ఎండుచేపలా ఉంది. ఎడమది ఉబ్బి, ఎర్రబడి, నిగనిగలాడుతోంది. చెయ్యి పెడితే కాలింది. వేలితో నొక్కితే పడిన గుంట పూడలేదు. ఓబయ్య కెవ్వుమన్నాడు.

మంచాన పడ్డవాళ్ళ కాలి రక్తనాళంలో రక్తం గడ్డ కడుతుంది. ఆ గడ్డ కట్టుబడి అక్కడే ఉంటే మందులతో లొంగుతుంది. రుద్దితే ఊడుతుంది. ఊడి ఊపిరితిత్తులకు చేరిందంటే, మనిషికి కేక వేసే తీరిక కూడా ఇవ్వదు. ఆ పాఠంలో అబీకి మంచి మార్కులొచ్చాయి.

పిక్కబలం పెంచడం ఆమె వృత్తి. ఆ నిమిషాన మాత్రం తన పిక్కబలమే చూపించి అక్కణ్ణుంచి పారిపోవాలనిపించింది.

“అత్తా, చెయ్యి తియ్యి.”

“ఇంకొంచెం రుద్ది...”

“తియ్యమంటిని గదా!”

అంకాలమ్మ చేతులు గాల్లోనే ఆగిపోయాయి.

“ఏందిమే ఇది?” అన్నాడు ఓబయ్య భార్యతో. “రుద్దే ఉద్యోగం చేసే పిల్లే రుద్దొద్దంటాదే!”

ఆముదం పూసింది ఆయన కాలికి. ఆముదం తాగిన మొహం మాత్రం అబీది.

“కాలు కదిలించొద్దు మామా. రక్తం గడ్డ కట్టినట్టుండాది. నెల్లూరు ఆసుపత్రికి పోవాల, ఇప్పుడే,” అంది. రుద్దితే ఆ గడ్డ ఊడొచ్చన్న మిగతా సగం బయటికి రాలేదు.

అంబులెన్సుకు ఫోన్ చేసింది. వస్తుంది. కానీ తారు రోడ్డు ఎక్కడ ఆగితే అదీ అక్కడే ఆగుతుంది. అక్కణ్ణుంచి ఇంటి దాకా ఒట్టి ఇసక.

“అంతే గదా! నడుస్తా,” అంటూ మంచం పట్టె పట్టుకుని లేవబోయాడు ఓబయ్య. “నువ్వు నేర్పతా ఉండే నడకే గదమ్మే!”

అబీ రెండు చేతులూ ఆయన రొమ్ము మీద వేసి పడుకోబెట్టింది. అరచేతుల కింద గుండె దడదడా కొట్టుకుంటోంది. అది ఆయనదో, తనదో తేల్చుకోలేకపోయింది.

ఓబయ్యతో కలిసి చేపల వేటకు పోయే చిన్నా ఇల్లు పక్కనే. ఇంకో ముగ్గురు మొగాళ్ళను కేకేసుకొచ్చాడు. నలుగురూ మంచం నాలుగు మూలలా పట్టి పైకెత్తారు. ఓబయ్య మొహం నల్లబడింది.

“దించండ్రా! నలుగురు మోసుకుపోతే మనిషి యాడికి పోతాడో నాకు తెలవదా? నేను రాను!” అంటూ మంచి కాలు విసిరాడు. మంచం ఊగిపోయింది. అబీ కళ్ళు మూసుకుంది. తెరిచేసరికి మంచం నేల మీద ఉంది, ఓబయ్య నలుగురి తాతల్నీ వరసపెట్టి తిడుతున్నాడు. అంత కమ్మటి తిట్లు ఆమె ఎప్పుడూ వినలేదు.

చిన్నా మంచం పక్కన గొంతుక్కూచున్నాడు. “అన్నా, పోయినోడు నోరు తెరుస్తాడా? నువ్వు తెరువు. పడవ నీళ్ళలోకి దించేటప్పుడు కేకేస్తావే, అట్టా కేకెయ్యి. నీ కేకకే మా అడుగు. నువ్వు ఆగితే మేమూ ఆగతాం. ఓబయ్య బతికే ఉండాడని పాలెం పాలెమంతా ఇంటాది.”

ఓబయ్య మంచం పట్టెలు రెండూ గట్టిగా పట్టుకున్నాడు. “సరే. వంకర అడుగేసినోడికి మాత్రం వాళ్ళమ్మ కనబడతాది!”

“ఐలెసా!”

నాలుగు జతల కాళ్ళు ఒక్కసారే ఇసకలో దిగాయి. “ఐలెసా!” మళ్ళీ లేచాయి. కాలి కింద దిండు పెట్టి, అది కదలకుండా రెండు చేతులా పట్టుకుని పక్కనే నడిచింది అబీ. చేపలు ఎండబెడుతున్న ఆడవాళ్ళు లేచి నిలబడ్డారు. పెద్ద అల విరిగినప్పుడల్లా కేక అందులో మునిగిపోయేది. అది మళ్ళీ తేలేదాకా అబీ ఊపిరి బిగబట్టేది. ఆయన కేకే ఆమెకు ఊపిరైపోయింది.

సగం దారిలో కేక ఆగింది.

మంచం ఆగింది. అల విరిగి వెనక్కి పోయింది, అయినా కేక రాలేదు. ఓబయ్య కళ్ళు మూతబడి ఉన్నాయి. అబీ ఆయన మెడ దగ్గర నాడి కోసం తడిమింది. వేళ్ళకు ఆముదం, ఎక్కడ పెట్టినా జారిపోతున్నాయి.

“మామా! మామా!”

అంకాలమ్మ కొంగు నోట్లో కుక్కుకుంది.

“థూ!” అని ఊశాడు ఓబయ్య. “ఇసక! నోట్లో కొట్టిందమ్మే. ఏంది, పిక్క అయిపోయింది, ఇప్పుడు నా పీక మీద పడినావా?”

మోసేవాళ్ళు నలుగురూ నవ్వారు. అబీ నవ్వలేదు. మళ్ళీ మొదలైన కేక ఇందాకటంత లేదు. మధ్యమధ్య ఆగి గాలి పీల్చుకుంటున్నాడు. అరిచి అరిచి వచ్చిన ఆయాసమా? గడ్డ ఊడి వచ్చిన ఆయాసమా? పుస్తకంలో రెంటికీ వేరువేరు పేజీలు. ఇక్కడ రెండూ ఒకే రొమ్ములో.

అంబులెన్సులో ఆయన మూతికి ఆక్సిజన్ మాస్కు బిగించి, మాట్లాడొద్దన్నారు. బండి కదిలింది. ఇసక అయిపోయింది, కేకలూ అయిపోయాయి. మాస్కుకు ఆవిరి పట్టడం, పోవడం, పట్టడం. అబీ రెప్ప వెయ్యకుండా దాన్నే చూస్తూ కూర్చుంది.

“నేను రుద్దినందుకా పాపా?” అంది అంకాలమ్మ, ఆమెకు మాత్రమే వినబడేట్టు.

కాదని చెప్పి ఊరుకోవచ్చు. ఈమెకు తెలిసే దారి లేదు.

“రుద్దకూడదత్తా. రుద్దమన్నది నేను. ఆ పొద్దు కాలు చూసుంటే అనేదాన్ని కాదు. చూళ్ళేదు.”

అంకాలమ్మ తన అరచేతులు తిప్పి చూసుకుంది. నెల్లూరు వచ్చేదాకా వాటిని కొంగుతో తుడుస్తూనే ఉంది.

స్కానింగులో తెలిసింది. గడ్డ పిక్కలో మొదలై తొడ దాకా పాకింది. ఇంకా ఊడలేదు. రక్తం పలచబడే మందు ఎక్కిస్తున్నామనీ, గండం గడిచిందని మాత్రం ఇప్పుడే చెప్పలేమనీ అన్నాడు డాక్టరు. మాస్కు తీసేశారు, ఒకరొకరుగా పోయి చూడమన్నారు.

వార్డు తలుపు దగ్గర అంకాలమ్మ అబీ మోచెయ్యి పట్టుకుంది. ఆ పట్టులో ప్రేమ ఉందో కోపం ఉందో తెలియలేదు.

“ఆయనకి నువ్వే చెప్పాల. నేను చెప్పను. తిడతాడు. తిట్టించుకో.”

“తిట్టే ఓపికుంటే అంతే చాలత్తా.”

“పో ముందు.”

అబీ లోపలికి నడిచి, మంచం పక్కన స్టూలు మీద కూర్చుంది.

“ఏందమ్మే, అట్టా ఉండావు?” అన్నాడు ఓబయ్య. గొంతు బొంగురుపోయింది.

“మామా, మొన్న నువ్వు పిక్క లాగతా ఉందంటే నేను చూడకుండానే రుద్దించుకోమన్నా. అట్టా రుద్దితే ఆ గడ్డ ఊడి నీ పాణం పోయుండేది.”

ఓబయ్య ఆమె వైపు చూశాడు. దుప్పటి కింద రొమ్ము నెమ్మదిగా లేచి దిగుతోంది. ఆ చూపు ఆమె మీంచి కదల్లేదు. అబీ స్టూలు ఇంకొంచెం దగ్గరికి జరుపుకుంది.

“తిట్టు మామా,” అంది.