నాన్న నేర్పని వాటం

మా ఆయన ఫాస్ట్ బౌలర్. ఆడే రోజుల్లో జనం పిడుగు అనేవారు. బంతి చేతిలో ఉన్నంతసేపే ఆ పిడుగు. ఇంట్లో కూరలో ఉప్పు మరిచినా నోరు విప్పరు. ఆయన వాటా మాటలు కూడా నేనే మాట్లాడి గయ్యాళినని పేరు తెచ్చుకున్నాను. దానికి నాకేం చింత లేదు.

ఆట మానేశాక అదే క్లబ్బులో కోచ్ అయ్యారు. ఆయన నేర్పకముందే మా అమ్మాయి ఆయన పాత వీడియోలు చూసి చూసి బౌలింగ్ పట్టేసింది. తండ్రిని పుణికిపుచ్చుకుందని క్లబ్బంతా మురిసిపోయింది. చిన్న వయసులోనే పెద్దవాళ్ల జట్టులో చోటొచ్చింది. వెంటే నడుంనొప్పీ వచ్చింది.

నేను ఆసుపత్రిలో నర్సుని. ఒక సాయంత్రం డ్యూటీ దిగి మైదానానికి వెళ్లి, నెట్ వెనక నిలబడి చూశాను. బంతి వదిలే క్షణంలో పిల్ల ఎడమ భుజం జారి, ఒళ్లంతా పక్కకు ఒరిగిపోతోంది. ఆ ఒరగడం ఎక్కడ చూశానో తట్టగానే నెట్ పక్కనున్న ఆయన దగ్గరకు వెళ్లాను.

"ఏమండీ, అది బౌలింగ్ కాదు. మీ చీలమండ నొప్పి," అన్నాను.

"ఏంటి నువ్వనేది?"

"మీ ఆఖరి సీజన్లో రోజూ కాలికి కట్టు కట్టిందెవరు? ఎడమ కాలి మీద బరువు పడితే ప్రాణం పోతోందని పక్కకు ఒరిగేవారు. ఇంట్లో ఉన్న వీడియోలన్నీ ఆ ఏడాదివే. పిల్ల మీ బౌలింగ్‌తో పాటు మీ కుంటు కూడా నేర్చుకుంది."

ఆయన ముఖం కందగడ్డలా అయింది. "నాకే బౌలింగ్ చెప్తావా," అంటూ విసురుగా వెళ్లిపోయారు. మర్నాడు పొద్దున్నే పిల్లని తీసుకెళ్లి ఓనమాల నుంచి మొదలుపెట్టారు. తప్పు తనదేనని నాతో అనలేదు. టీ మాత్రం కలిపి పెట్టి వెళ్లారు.

ఆ సీజనంతా నరకమే. కొత్త వాటంలో వేగం పోయింది. నిన్నగాక మొన్న బ్యాటు పట్టినవాళ్లు కూడా దాన్ని చితకబాదారు. ఫైనల్‌కి ముందు క్లబ్బు అధ్యక్షుడు ఇంటికే వచ్చాడు.

"ఈ ఒక్క మ్యాచ్ పాత పద్ధతిలో వెయ్యమనండి. ఓడితే ఇక కోచ్ పదవి మర్చిపోండి."

"పోతే పోనీండి. అలాగే వేస్తే దాని నడుం ఏడాది కూడా నిలవదు. ఆ తర్వాత అది బంతి పట్టే పరిస్థితే ఉండదు," అన్నారు మావారు. ఆయన అన్ని మాటలు ఒక్కసారే మాట్లాడగా వినడం నాకు పెళ్లయ్యాక అదే మొదలు.

ఫైనల్లో ఆఖరి ఓవర్ దాని చేతికే వచ్చింది. అవతలి జట్టుకు ఒక్క వికెట్టే మిగిలింది, కావలసింది నాలుగు పరుగులు. మొదటి బంతికే రెండు పోయాయి. అధ్యక్షుడు బౌండరీ దగ్గర నిలబడి "పాతది వెయ్యమ్మా, పాతది" అని గొంతు చించుకుంటున్నాడు. నా చేయి చెప్పు మీదకు పోబోయింది.

పిల్ల అతని వంక చూడనైనా లేదు. పరుగెత్తుకొచ్చి నిటారుగా లేచింది. భుజం జారలేదు, ఒళ్లు ఒరగలేదు. బంతి బ్యాటు కిందనుంచి దూసుకుపోయి మధ్య స్టంపును పెకలించింది. కొత్త వాటం అప్పటికి ఒంటికి పట్టిందేమో, నిరుడు కూడా దానికి అంత వేగం లేదు. నేను సిగ్గు విడిచి ఈల వేశాను.

మీదపడ్డ జట్టును విడిపించుకుని అది తండ్రి దగ్గరకు పరుగెత్తింది. ఆయన వికెట్ ఊసే ఎత్తలేదు.

"నడుం ఎలా ఉంది తల్లీ?"

అది నడుం మీద చేయి వేసి చూసుకుంది. "నడుమా? అసలు గుర్తే రాలేదు నాన్నా."

ఎన్ని కప్పులు అందుకున్నా తడవని ఆయన కళ్లు అప్పుడు ధారలు కట్టాయి. నావి మాత్రం ఆగాయా?