గీత అందుకోని చెక్క

భోజనాల బల్ల మీద చెక్క ముక్క ఈసారి కూడా సుద్దగీత అందుకోకుండానే ఆగింది. ఆడపడుచు దానికేసి చూసిన చూపుకి, ప్రాణమంటూ ఉంటే అది సిగ్గుతో చచ్చేదే అనుకుంది వదిన, దుప్పటి మడతపెడుతూ.

మర్నాడు పొద్దున్న ఆడపడుచు బళ్ళో పాఠం చెప్పి చూపించాలి. మెప్పిస్తే ఫిజిక్సు టీచరు ఉద్యోగం, లేకపోతే మళ్ళీ ఇంటింటి ట్యూషన్లే. స్ప్రింగును చెక్కతో నొక్కి వదిలితే చెక్క ఎక్కడ ఆగుతుందో ముందే లెక్కగట్టి, అక్కడ గీత గీసి, పిల్లల చేత నోళ్ళు తెరిపించాలని ఆమె పథకం. నోళ్ళయితే తెరుచుకునేలాగే ఉన్నాయి, నవ్వడానికి.

"బల్లకి నువ్వేదో రాసి తుడిచుంటావు వదినా."

"తుడిస్తే నున్నబడి ఇంకా ముందుకి పోవాలి కదమ్మా పంతులమ్మా! నా మీదకి తోసెయ్యడానికైనా కాస్త లెక్క చూసుకో."

"పోనీ, స్ప్రింగు ముసలిదైపోయింది."

"అన్నిటికీ వంకలు పెట్టావు, ఒక్క నీ లెక్కకి తప్ప. ఏదీ, చెప్పు."

కాలేజీలో వదిన కూడా ఈ లెక్కలతో కుస్తీ పట్టిన మనిషే. ఆడపడుచు గొంతు సవరించుకుంది.

"నొక్కిన స్ప్రింగులో దాగిన శక్తంతా చెక్కకి వస్తుంది. చెక్క స్ప్రింగుని వదిలి ముందుకెళ్ళాక రాపిడి ఆ శక్తిని కొంచెం కొంచెంగా తినేస్తుంది. మొత్తం తినేసిన చోట చెక్క ఆగుతుంది."

"వదిలాకేనా? స్ప్రింగు నెడుతున్నంతసేపూ రాపిడి చేతులు కట్టుకుని కూర్చుందా? చెక్క అప్పుడూ బల్ల మీదే కదా పాకుతోంది?"

ఆడపడుచు చెక్క గీతకి ఎంత వెనకబడిందో వేళ్ళతో కొలిచింది. స్ప్రింగుని తను ఎంత లోపలికి నొక్కిందో కొలిచింది. రెండూ నాలుగు వేళ్ళే. ఇన్నాళ్ళూ దూరాన్ని నొక్కకముందు స్ప్రింగు కొస ఉన్న చోటు నుంచి లెక్కపెట్టింది తప్ప చెక్క బయల్దేరిన చోటు నుంచి కాదు.

గీత చెరిపి, వెనక్కి జరిపి గీసింది. చెక్క బుద్ధిగా వచ్చి దాని మీద ఆగింది.

"వదినా!"

"అరవకు. మీ అన్నయ్య సాయంత్రపు కునుకులోంచి లేస్తే ఆయనకీ పాఠం చెప్పాలి."

కాసేపు ఆలోచించి, ఆడపడుచు ఆ గీత చెరిపేసి మళ్ళీ పాత చోటే గీసింది.

"అదేంటే?"

"రేపు తప్పు గీతే గీస్తాను. ఎందుకు అందలేదో పిల్లల్నే తేల్చమంటాను."

"నీ పాఠం చూడ్డానికి వెనక కూర్చున్న బడి పెద్దలు నీకే లెక్క రాదనుకుంటే?"

"అనుకోనీ. ఆ కాసేపూ వాళ్ళూ పాఠం వింటారు."

ఉద్యోగం వచ్చినట్టేనే అనబోయింది వదిన. పొగిడితే నెత్తికెక్కుతుందని మానుకుని, "ముందు బల్ల ఖాళీ చెయ్యి, భోజనాలకి వేళైంది," అంది.