వీర్రాజు అడుగులు

పాపికొండల నేషనల్ పార్కులో ఆ క్యాంపు వాళ్ళకి తెల్లారితే మొదటి పని, వాగు ఒడ్డున ఇసకలో అడుగులు చూడటం. దుప్పి, కణుజు, అడవిపంది, ఏది నీళ్ళకొచ్చిందో నోటుబుక్కులో రాసుకుంటారు. పులి అడుగులు కనిపిస్తే వాటిలోంచి వాచర్ వీర్రాజువి తీసేసి మిగిలినవి రాస్తారు. వీర్రాజు చెప్పులేసుకోడు. అతను నడిచినచోట పులి పాదమే పడుతుంది. కొల్లేట్లో అతని చేపల చెరువు గట్లు అటవీశాఖ వాళ్ళు కొట్టేశాక, అదే శాఖలో ఈ ఉద్యోగానికి చేరి కొండెక్కాడు, ఆ రోజు నుంచీ అంతే. రెండు కాళ్ళవే కాబట్టి అతనివేవో తేలిగ్గానే తెలిసిపోతాయి.

భీమడోలు నుంచి సెక్షన్ ఆఫీసరుగా వచ్చిన లక్ష్మీప్రసన్న కూడా వారం తిరిగేసరికి ఆ లెక్కకి అలవాటు పడిపోయింది. ఏలూరు ఆఫీసుకి ట్రాన్స్‌ఫర్ పెట్టుకుని కాగితం కోసం ఎదురుచూస్తోంది.

మాఘమాసంలో ఉచ్చులు మొదలయ్యాయి. సైకిలు బ్రేకు వైరుతో పన్నినవి. ముందు ఒక దుప్పి పోయింది, తర్వాత రెండు కణుజులు. చుట్టూ ఇసక మెత్తగా ఉన్నా మనిషి అడుగు ఒక్కటీ లేదు. ఉన్నవి వీర్రాజువే.

జీపు డ్రైవరు అబ్బులు ఘాట్ రోడ్డు దిగుతూ మెల్లిగా అన్నాడు. "చెప్పకూడదు గానండి మేడం గారూ, మనిషి అడుగు పడకుండా ఈ అడవిలో తిరిగేది ఎవరండీ?"

"వీర్రాజు గారు అలాంటివారంటారా?"

"నేనేమీ అనట్లేదండి. గట్లు కొట్టేసిన కోపం ఊరికే పోతుందా అని."

ఆ మాట ఆమె మనసులో దిగబడిపోయింది. వీర్రాజు నవ్వినా అనుమానమే, నవ్వకపోయినా అనుమానమే. ఒకరోజు అన్నం తింటుంటే అతని వేళ్ళమీద సన్నటి కోతలు కనిపించాయి.

"ఆ గాట్లేంటండీ?"

"ముళ్ళండి, అమ్మగారూ," అన్నాడు తలెత్తకుండా.

ఆ సాయంత్రమే అతని పేరు రాసి రిపోర్టు తయారుచేసింది. పంపేముందు కళ్ళారా చూడాలనిపించి, మర్నాడు తెలతెలవారుతుండగా వాగు పక్క వెదురుపొదలో కూర్చుంది.

వీర్రాజు వచ్చాడు. ఒక చెట్టు మొదట్లో వంగాడు. లేచేసరికి చేతిలో వైరు ఉంది.

"అది కింద పెట్టండి," అంటూ ఆమె పొదలోంచి గబగబా వచ్చింది.

"కదలకండి అమ్మగారూ."

అప్పటికే ఆమె కుడికాలి చుట్టూ ఉచ్చు బిగిసింది. వీర్రాజు మోకాళ్ళమీద కూర్చుని ముడి సడలించాడు. వైరు అతని వేలిని కోసింది. కాలు బయటికొచ్చింది గానీ బూటు చీలిపోయింది.

"రోజూ తీస్తున్నానండి," అన్నాడు.

"నాతో చెప్పొచ్చు కదండీ."

"ఎక్కడున్నాయో నీకెలా తెలుసని అడుగుతారు కదండీ."

ఆమె నాలుక చివరున్న ప్రశ్న అదే. తల దించుకుంది.

అంతలో వాగులో నీళ్ళ చప్పుడైంది. ఒడ్డున ఇసక తొక్కకుండా మోకాలిలోతు నీళ్ళలో, రాళ్ళమీద అడుగులేసుకుంటూ ఎవరో వస్తున్నారు. మెడలో చెప్పులు వేలాడుతున్నాయి, భుజాన వైరు చుట్ట. అబ్బులు. ఇద్దర్నీ చూసి ఆగిపోయాడు. చుట్టని రాయిమీద పెట్టి, చేతులు కట్టుకుని నీళ్ళలోనే నిలబడ్డాడు.

అతన్ని రేంజి ఆఫీసు వాళ్ళు తీసుకుపోయాక, లక్ష్మీప్రసన్న చీలిన బూటు తీసేసి, వట్టి కుడికాలితో వీర్రాజు భుజం పట్టుకుని కుంటుకుంటూ క్యాంపుకి వచ్చింది. బ్యాగులోంచి రిపోర్టు తీసి పొయ్యిలో పెట్టింది. వీర్రాజు అటు చూడలేదు.

"నన్ను క్షమించండి," అంది.

"టీ తాగండి, అమ్మగారూ."

వంటమనిషి గంగాభవాని పసుపు నూరుకొచ్చి, గుమ్మం ముందు తడిమట్టి చూసి ఆగింది. లక్ష్మీప్రసన్న నడిచినచోట ఎడమవైపు బూటు గుర్తు పడింది, కుడివైపు పులి పాదం.

"ఏలూరు నుంచి కాగితం వచ్చిందండి, బల్లమీద పెట్టాను," అంది కాలికి పసుపు అద్దుతూ. "వెళ్తారాండీ?"

లక్ష్మీప్రసన్న ఆ అడుగులవైపు చాలాసేపు చూసింది. తర్వాత వంగి ఎడమ బూటు తాడు విప్పడం మొదలుపెట్టింది.