చెరిగిన నంబరు

స్టవ్వు గట్టు తుడిచాక, అదే గుడ్డను పిండి టాబ్ వీపు కూడా ఒకసారి రుద్దేయడం ఆమెకు అలవాటు. వంటింట్లో ఉండే వస్తువు మరి, నూనె కాగినప్పుడల్లా జిడ్డు పడుతుంది. "అమ్మాయ్, ఆ పలకని కూడా తుడిచావా? ముట్టుకుంటే వేళ్ళు అంటుకుపోతున్నాయి" అని అత్తగారు హాల్లోంచి అడగని సాయంత్రం లేదు. అత్తగారు టాబ్ అనరు, పలక అంటారు. తుడిచానని చెప్పాక కూడా వచ్చి వేలితో రాసి చూసుకుంటారు.

ఆ టాబ్‌లో ఆమె అమ్మ గొంతు ఉంది. పోయిన ఏడాది అమ్మ కన్నుమూయక ముందు, మంచం పక్కన కూర్చుని, ఆవిడ ప్రార్థన చదువుతుంటే రికార్డు చేసుకుంది. సగంలో అమ్మ చదవడం ఆపి, "ఇంతకీ నువ్వు తిన్నావా?" అని అడిగి, మళ్ళీ అందుకుంటుంది. రోజూ కూరలు తరుగుతూ అది పెట్టుకునేది. ఇంట్లో అందరూ భక్తి అనుకునేవారు. భక్తి లేదని కాదు, దేవుడికి దండం పెట్టకుండా ఆమె పొయ్యి వెలిగించదు. కానీ ఆ ప్రార్థనంతా పుస్తకంలో ఉంది. మధ్యలో అడిగిన ఆ మాట ఏ పుస్తకంలోనూ లేదు. అందరికీ వడ్డించి, గిన్నెలు సర్ది, చివరికి తను తిన్నదో లేదో అడిగే మనిషి ఆ ఇంట్లో ఆ గొంతు ఒక్కటే.

ఒక ఉదయం టాబ్ వెలగలేదు. చార్జింగుకి పెట్టినా, బతిమాలినా నల్లగా ఉండిపోయింది.

సర్వీస్ సెంటర్‌లో కౌంటర్ దగ్గరున్నావిడ దాన్ని అటూ ఇటూ తిప్పింది. "లోపలున్నది బయటికి తీయొచ్చేమో చూస్తారమ్మా. ముందు ఇది ఏ టాబో తెలియాలి. వెనకాల సీరియల్ నంబరు చదవండి."

ఆమె చదవబోయింది. మొదట్లో కాసిని అక్షరాలు మసగ్గా ఉన్నాయి. ఆ తర్వాత నున్నగా ఉంది. కౌంటర్ ఆవిడ లైటు కిందికి వంచి చూసింది.

"ఈ మొదటి అక్షరాలు ఈ రకం టాబ్‌లన్నిటికీ ఒకటేనమ్మా. ఏది ఎవరిదో చెప్పేవి చివరి అంకెలే. ఎవరో బాగా రుద్దేశారు."

"నేనే" అంది ఆమె.

ఆ మాట అంటుంటే నవ్వు వచ్చింది. ఇన్నేళ్ళూ ఎవరూ వంక పెట్టకుండా చేసిన పని ఇదొక్కటే. ఆ పనే అమ్మను ఇలా గుర్తుపట్టకుండా చేసింది. అత్తగారి వేలికి ఏమీ అంటకూడదని రుద్దింది, నిజంగానే ఏమీ అంటకుండా పోయింది. దేవుడా, ఇంత శుభ్రం నువ్వు అడిగావా?

టాబ్ కొన్నది భర్త ఫోన్ నంబరు మీద. ఆ నంబరు కొడితే కౌంటర్ ఆవిడ తెరమీద ఆయన పేరు వచ్చింది. విప్పి చూడడానికి ఆయన ఒప్పుకోవాలని ఆయనకే మెసేజ్ వెళ్ళింది. ఇచ్చేసి కొత్తది తీసుకోవాలన్నా అందులోనే నొక్కొచ్చని, కాకపోతే పాతదాంట్లో ఉన్నదంతా చెరిపేస్తారని కౌంటర్ ఆవిడ చెప్పింది. ఆమె ఆయనకు ఫోన్ చేసింది.

"చూశాను, నొక్కేశాను" అన్నాడు భర్త. "పాతది ఇచ్చేస్తే కొత్తది సగం ధరకే ఇస్తారట. అదే నొక్కాను. పెద్ద తెరది తీసుకో, మా అమ్మ కూడా చూస్తుంది."

"కొత్తది కాదండీ. ఇందులో మా అమ్మ..."

"మీ అమ్మ గొంతు మనసులో ఉండాలి గానీ డబ్బాలో ఏముందే? పిచ్చిదానా."

"ఇంకోసారి వేరేది నొక్కండి. దీన్ని ఇచ్చేస్తే చెరిపేస్తారట."

"నలుగురిలో ఉన్నాను. కొత్తది ఇంటికి తీసుకురా, నీకే సంతోషంగా ఉంటుంది."

ఫోన్ పెట్టేశాడు. కోపంగా కూడా అనలేదు, మంచి చేశాననే అనుకున్నాడు. మనసులో ఉంటే చాలనుకుంటే, ఆయన నాన్నగారి ఫొటోకి హాల్లో అంత పెద్ద ఫ్రేము దేనికి? దాని అద్దం తుడిచేదీ ఆమే.

"సార్ మార్పిడికి ఒప్పుకున్నారు" అంది కౌంటర్ ఆవిడ, తెర చూస్తూ. "పాతది నాకు ఇచ్చెయ్యాలమ్మా."

"అది నాది."

"రికార్డులో సార్ పేరు ఉంది."

"వాడింది నేను. మాట్లాడింది మా అమ్మ." వెనక వరసలో ఎవరో గొంతు సవరించుకున్నారు. టాబ్‌ను కౌంటర్ మీద పెట్టింది, చెయ్యి మాత్రం తియ్యలేకపోయింది. ఏడిస్తే బాగుండదని కింద నేల పలకలు చూస్తూ నిలబడింది.

కౌంటర్ ఆవిడ టాబ్ తీసుకుని, వెనక్కి తిప్పి, ఆ నున్నటి చోట బొటనవేలితో రాసింది.

"సార్ పేరు మీదున్న టాబ్ ఇదేనని నేను చూసి రాయాలి. నంబరు కనపడకుండా ఎలా రాస్తాను? మామూలుగా అయితే ఇదేలే అనుకుని రాసేస్తాం." టాబ్‌ను ఆమె వైపు జరిపింది. "ఇది ఎవరిదో నాకు తెలియదమ్మా. తీసుకెళ్ళండి."

"మరి లోపలున్నది...?"

"అది మాత్రం నా చేతుల్లో లేదు. విప్పాలంటే సార్ ఒప్పుకోవాల్సిందే."

బయటికొచ్చి మెట్ల మీద కూర్చుంది. సంచీలో టాబ్ బరువుగానే ఉంది. అది ఇక పలుకుతుందో లేదో తెలియదు. ఆయన్ని ఒప్పించేదాకా పలకదని తెలుసు, ఒప్పించడం తన వల్ల అవుతుందో లేదో తెలియదు. ఇంట్లో మధ్యాహ్నం వంట ఇంకా అలాగే ఉంది. ఫోన్ మోగింది.

"తెచ్చావా?" అన్నాడు భర్త.

"మీది దొరకలేదండీ" అంది ఆమె. "నాది తెచ్చుకుంటున్నాను."